కీళ్లు అరిగినవాళ్ల ఎముకలు గట్టివేనా?

అక్టోబరు వచ్చిందంటే విజయవాడ, గుంటూరు కాలనీల్లో ఎముకల శిబిరాలు మొదలవుతాయి. 12న ప్రపంచ ఆర్థరైటిస్ దినం, 20న ప్రపంచ ఆస్టియోపొరోసిస్ దినం. రెండింటికీ కలిపి అపార్ట్‌మెంట్ సెల్లార్లోనో, వాకింగ్ ట్రాక్ పక్కనో ఒక టెంటు వేస్తారు. కాలి మడమను చిన్న మిషన్లో పెట్టించి, చీటీ మీద ఒక అంకె రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని ఇంటికొచ్చాక పెద్దవాళ్లకు అసలు గందరగోళం మొదలవుతుంది.

మా పెద్దమ్మ సంగతే చూడండి. డెబ్బై రెండేళ్లు, గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది. రెండు మోకాళ్లూ నాలుగో గ్రేడుకు వచ్చేశాయి. అంటే ఎక్స్‌రేలో పై ఎముకకూ కింది ఎముకకూ మధ్య సందు దాదాపు లేనట్టే. నగల షాపువాళ్లిచ్చిన గుడ్డసంచి నిండా రిపోర్టులే. వాటిలో శిబిరం చీటీ "పర్లేదు" అంటుంది. నడుము స్కాను "కొంచెం తగ్గింది" అంటుంది. తుంటి స్కాను మాత్రం "ఆస్టియోపొరోసిస్" అని తేల్చేసింది. ఈలోగా శ్రావణమాసంలో పెరట్లో గిన్నెలు తోమే గట్టు దగ్గర కాలు జారింది. పడబోతూ చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. "మోకాళ్లలో ఎముక పెరిగిందన్నారు, ఫిల్ములో బొమికలు తెల్లగా మెరుస్తున్నాయన్నారు. మళ్లీ గుల్లబారాయంటారేంటి?" అని ఆవిడ అడుగుతోంది. డాక్టరుగారి ముందు కూర్చున్న రెండు నిమిషాల్లో తేలే ప్రశ్న కాదిది.

"అరిగింది" అనే ఒక్క మాటలో రెండు జబ్బులు

చిక్కంతా మన మాటలోనే ఉంది. మోకాలు నొప్పెట్టినా "ఎముకలు అరిగాయి" అంటాం, ఎముక బలం తగ్గినా "ఎముకలు అరిగాయి" అనే అంటాం. నిజానికి ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది కీళ్ల అరుగుదల, ఆస్టియో ఆర్థరైటిస్. రెండు ఎముకలు కలిసే చోట వాటి కొసల మీద నున్నటి పొర ఉంటుంది. జనం "గుజ్జు" అనేది దాన్నే. అది పలచబడి, పగిలి, చివరికి ఎముకకు ఎముక రాసుకుంటుంది. ఆ ఒరిపిడికి కింది ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో బొడిపెలు పుట్టుకొస్తాయి. ఎక్స్‌రే చూసి "ఎముక పెరిగింది" అనేది ఈ బొడిపెల గురించే. ఈ జబ్బు నొప్పితో తన ఉనికి చాటుకుంటుంది.

రెండోది ఎముక గుల్లబారడం, ఆస్టియోపొరోసిస్. ఇది కీలులో కాదు, ఎముక లోపల. ఎముక ఎప్పుడూ కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. వయసుతో, ముఖ్యంగా ఆడవాళ్లలో నెలసరి ఆగాక, కరిగేది ఎక్కువై కట్టేది తక్కువవుతుంది. లోపలి జల్లెడ లాంటి అల్లిక పలచబడుతుంది. విరిగే దాకా నొప్పే ఉండదు.

ఇంటి తలుపుతో పోల్చి చెప్తే సులువుగా ఉంటుంది. బందు అరిగితే తలుపు వేసినప్పుడల్లా కిర్రుమంటుంది. చెక్కకు చెద పడితే శబ్దమేమీ ఉండదు, పైన రంగు కూడా బాగానే ఉంటుంది. బందు అరిగిన తలుపుకు చెద పట్టకూడదన్న నియమం ఏదీ లేదు కదా.

మూడోది ఒకటుంది, దాన్ని కూడా చాలామంది అరుగుదల కిందే జమ కడతారు. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్. శరీరం తన రక్షణ వ్యవస్థతోనే తన కీళ్ల మీద దాడి చేసుకునే జబ్బు ఇది. ఎముకలతో దీని లెక్క పూర్తిగా వేరు. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

టీ స్కోరు అనే అంకె ఎలా పుడుతుంది

ఎముక సాంద్రత కొలవడానికి ప్రామాణికమైన పరీక్ష డెక్సా స్కాన్. రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్‌రే కిరణాలను పంపి, దారిలో ఎంత ఖనిజం అడ్డొచ్చిందో లెక్క కడుతుంది. మామూలుగా నడుము దగ్గర నాలుగు వెన్నుపూసలను, తుంటిని చూస్తారు. వచ్చిన సాంద్రతను నిండు యవ్వనంలో ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోలుస్తారు. ఆ సగటు సున్నా. దాని కంటే ఎన్ని మెట్లు కింద ఉన్నామో చెప్పేదే టీ స్కోరు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతలే ఇప్పటికీ వాడుతున్నారు: మైనస్ 1 దాకా మామూలే, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు, మైనస్ 2.5కు గానీ అంతకంటే కిందికి గానీ పోతే ఆస్టియోపొరోసిస్. ఒక్కో మెట్టు దిగేకొద్దీ విరిగే ముప్పు, కొలిచిన చోటును బట్టి, ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల దాకా పెరుగుతుంది.

శిబిరంలో మడమకు పెట్టే మిషన్ డెక్సా కాదు, అల్ట్రాసౌండ్. దానిలోనూ టీ స్కోరనే రాస్తారు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. ఆ మైనస్ 2.5 గీత మడమ అల్ట్రాసౌండుకు వర్తించదు. ఎవరికి డెక్సా అవసరమో ఏరడానికి అది కొంత పనికొస్తుంది, జబ్బును నిర్ధారించడానికి కాదు. పెద్దమ్మ చీటీలో "పర్లేదు" అన్న మాటకున్న విలువ అంతవరకే.

పోల్చడానికి ఎవరి సగటు తీసుకోవాలన్నది ఇంకో తగువు. స్కాన్ మిషన్లలో ఎక్కువగా ఉండేది తెల్లజాతి స్త్రీల కొలమానం. మనవాళ్ల ఎముకలు సైజులో చిన్నవి. డెక్సా లోతును కొలవదు, చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాములు అనే లెక్క కడుతుంది. అందుకని చిన్న ఎముక ఉన్నదానికంటే పలచగా కనిపించే వీలుంది. 2010లో ఐసీఎంఆర్ భారతీయుల సగటులను విడిగా ప్రచురించింది. వాటితో చూస్తే జబ్బున్నవాళ్ల సంఖ్య తగ్గుతుంది. మన కొలత మనకే సరిపోతుందని కొందరంటారు. మనవాళ్లలో ఎముకలు నిజంగానే త్వరగా విరుగుతున్నప్పుడు కొలబద్దను తగ్గించుకుంటే ముప్పు దాగిపోతుందని మరికొందరంటారు. రెండు వాదాల్లోనూ పస ఉంది. రిపోర్టులో ఏ కొలమానం వాడారో ఒక మూల చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. రెండు వేర్వేరు సెంటర్ల రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చకపోవడానికి అదొక్క కారణమే చాలు.

వెన్ను స్కాన్ ఎందుకు ఎక్కువ చెప్తుంది: ఒక రిపోర్టు చదువుదాం

పెద్దమ్మ నడుము రిపోర్టులో పైన కొట్టొచ్చినట్టు ఉన్న అంకె మైనస్ 1.1. అక్కడితో ఆగితే "కాస్త కాల్షియం వేసుకోండి" అని పంపేయొచ్చు. కింద ఒక్కో పూసకూ విడివిడిగా ఇచ్చిన పట్టీ చూస్తే కథ మారుతుంది. ఎల్1 మైనస్ 2.4, ఎల్2 మైనస్ 2.1, ఎల్3 మైనస్ 0.3, ఎల్4 ప్లస్ 0.6.

ఒకే మనిషి, ఒకే నడుము. పై రెండు పూసలు గుల్లబారబోతుంటే కింది రెండూ పడుచుపిల్ల ఎముకల్లా ఉండటం ఎలా సాధ్యం? సాధ్యం కాదు. నడుము కింది భాగంలోనే అరుగుదల ఎక్కువ. అక్కడ బొడిపెలు, గట్టిపడ్డ చిన్న కీళ్లు అన్నీ కలిసి కిరణాలకు అడ్డొచ్చాయి. డెక్సా చూసేది ఒక రకంగా నీడనే. వెన్నుపూస ముందు నుంచి పోయే పెద్ద రక్తనాళంలో సున్నం పేరుకున్నా ఆ నీడలోనే కలుస్తుంది. ఏది ఎముక బలమో, ఏది చెత్తో మిషన్‌కు తెలియదు.

అందుకే పక్క పూసతో పోలిస్తే ఒక మెట్టుకు మించి తేడా ఉన్న పూసలను లెక్కలోంచి తీసేయాలన్నది డెక్సా నిపుణులు పాటించే నియమం. కనీసం రెండు పూసలైనా మిగలాలి. ఎల్3, ఎల్4 తీసేస్తే పెద్దమ్మ నడుము అంకె మైనస్ 2.2 దగ్గరకు దిగింది. తుంటి దగ్గర తొడ ఎముక మెడ మైనస్ 2.7. నడుము, తుంటి అంకెల్లో ఏది తక్కువైతే దాన్నే పట్టుకోవాలి కాబట్టి ఇది ఆస్టియోపొరోసిసే. మొదటి పేజీలోని మైనస్ 1.1 అబద్ధం కాదు. కాకపోతే అది కొలిచింది ఎముకను ఒక్కదాన్నే కాదు.

ఇంకో చిత్రం ఉంది. నొక్కుకుపోయిన వెన్నుపూస కూడా డెక్సాలో గట్టిగానే కనిపిస్తుంది. అంతే ఖనిజం తక్కువ చోటులోకి కుక్కుకుపోతుంది కాబట్టి సాంద్రత పెరిగినట్టు అంకె వస్తుంది. విరిగిన ఎముకే రిపోర్టును మెరుగుపరుస్తుందన్నమాట!

తుంటి కీలే అరిగిపోయినవాళ్ల మాటేమిటి? అప్పుడు రెండో తుంటిని చూస్తారు. రెండు వైపులా మార్పిడి ఆపరేషన్ అయి లోహం ఉంటే ముంజేతి ఎముకను కొలుస్తారు. ముంజేతిలోనూ ఇదివరకు విరగని చేతినే తీసుకుంటారు.

పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చేవాళ్ల లెక్క వేరు

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో ఒక పూట కూర్చుంటే పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి బస్సు దిగి వచ్చిన పెద్దవాళ్లు కనిపిస్తారు. నడుము వంగదు, మెడ తిరగదు, కీళ్లన్నీ బిగుసుకుపోయి ఉంటాయి. అందరికీ అరుగుదలే కాదు, కొందరికి అది ఫ్లోరోసిస్. నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో, కండరాలను పట్టి ఉంచే నరాల్లాంటి బంధనాల్లో పేరుకుంటుంది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికలకెక్కించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే.

వీళ్లకు డెక్సా తీస్తే సాంద్రత మామూలు కంటే ఎక్కువే రావచ్చు. బలం మాత్రం ఎక్కువ కాదు. సుద్దముక్క లావుగా ఉన్నా పుటుక్కున విరిగినట్టే ఇదీ. దీన్ని అనుకోకుండా రుజువు చేసిన ప్రయోగం ఒకటుంది. ఫ్లోరైడ్ సాంద్రతను పెంచుతోంది కదా, ఆస్టియోపొరోసిస్‌కు మందుగా వాడితే ఎలా ఉంటుందని అమెరికాలో పరీక్షించారు. 1990లో ఫలితాలు వచ్చాయి: నాలుగేళ్లలో వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. సాంద్రత వేరు, దృఢత్వం వేరు అని దీనికంటే తేటగా చెప్పడం కష్టం.

"అరుగుదల ఉంటే ఎముక విరగదు" అన్న మాట ఎక్కడిది

ఇది ఊరికే పుట్టిన పుకారు కాదు. 1972లో ఫాస్, బయర్స్ అనే ఇద్దరు పరిశోధకులు తుంటి విరిగి వచ్చినవాళ్లనూ, తుంటి కీలు అరిగి వచ్చినవాళ్లనూ పోల్చి చూశారు. అరిగినవాళ్ల ఎముకలు దట్టంగా ఉన్నాయి. ఒక జబ్బు రెండోదాని నుంచి కాపాడుతుందన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. కారణాలు కూడా అర్థమయ్యేవే. మోకాళ్లు అరిగేవాళ్లలో బరువెక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ. బరువు మోసే ఎముక దట్టంగా ఉంటుంది. పైగా దట్టమైన ఎముక గట్టి నేల లాంటిది, పైనున్న గుజ్జు మీద దెబ్బ ఎక్కువ పడుతుంది.

తర్వాత వచ్చిన పెద్ద పరిశీలనలు ఈ చిత్రాన్ని తారుమారు చేశాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలో అరుగుదల ఉన్నవాళ్ల సాంద్రత ఎక్కువే కనిపించింది. అయితే ఏడాదికేడాది కరిగిపోయే వేగం కూడా వాళ్లలోనే ఎక్కువగా ఉంది. ఆస్ట్రేలియాలోని డబ్బో అనే ఊళ్లో చేసిన అధ్యయనంలో సాంద్రత బాగున్నా ఎముకలు విరగడం తగ్గలేదు. ఎందుకని చూస్తే, అరుగుదల ఉన్నవాళ్లు నిలబడితే ఎక్కువ తూలుతున్నారు, తొడ కండరం బలహీనంగా ఉంది. ఎముక విరగడానికి ఎముక ఒక్కటే కారణం కాదు, పడటం కూడా ఉండాలి కదా.

నాకు అర్థమైనంతలో ఈ రెండు వర్గాలూ ఒకే మనిషి జీవితంలోని రెండు వేర్వేరు దశల గురించి వాదించుకుంటున్నాయి. యాభై అయిదేళ్లకు, కాస్త ఒళ్లున్న మనిషికి, మోకాలు నొప్పెడుతున్నా తిరుగుతూ ఉన్న రోజుల్లో ఎముకలు నిజంగా గట్టివే కావచ్చు. అదే మనిషి డెబ్బై అయిదేళ్లకు మంచం పక్క నుంచి బాత్‌రూమ్ దాకా గోడ పట్టుకుని నడిచే స్థితికి వస్తే పాత లెక్క చెల్లదు.

తీవ్రమైన దశలో మారేది నడక

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లను చూశారా? కుప్పల ముందు గొంతుక్కూర్చుంటే పొద్దు వాలాక గానీ లేవరు. ముప్పై ఏళ్లు అలా కూర్చున్న మోకాళ్లు అరవై ఏళ్లకు మొరాయిస్తాయి. గొంతుక్కూర్చునే పనికీ మోకాళ్ల అరుగుదలకూ సంబంధం ఉందని చాలా దేశాల పరిశీలనల్లో తేలింది. పని మానేసిన మొదటి ఏడాది విశ్రాంతిలా అనిపిస్తుంది. ఎముకకు మాత్రం అది ఉద్యోగం పోయినట్టే. బరువు పడని ఎముకను శరీరం ఖర్చు దండగ అన్నట్టు కరిగించేస్తుంది. అంతరిక్షంలో బరువే తెలియని వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం తగ్గుతుంది. ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయిన మనిషికి అంత వేగంగా కాదు గానీ, దారి అదే.

ఇంట్లోనే ఉంటే ఎండ తగలదు. బ్లేజ్‌వాడ అని వెక్కిరించుకునే బెజవాడలో ఉంటూ విటమిన్ డి తక్కువేంటి అని నవ్వొస్తుంది. తిరుపతి స్విమ్స్ వైద్యులు ఈ శతాబ్దం మొదటి దశకంలో ప్రచురించిన అధ్యయనాల్లో ఆ చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే, పల్లెల్లోనూ పట్టణంలోనూ, ఈ లోపం పెద్దయెత్తున కనిపించింది. చర్మంలో విటమిన్ డి తయారు చేసే కిరణాలు పొద్దుటి లేత ఎండలో చాలా తక్కువ, పది దాటాకే పుంజుకుంటాయి. మే నెలలో పదకొండింటికి మేడ మీద కూర్చోమని ఇక్కడ ఎవరికైనా చెప్పగలమా?

ఇక మందుల డబ్బా. నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో మంట, దానికి గ్యాస్ మాత్ర. ఈ రెండో మాత్ర ఏళ్ల తరబడి పరగడుపునే పడుతూ ఉంటుంది. కడుపులో ఆమ్లాన్ని బాగా అణిచే ఈ రకం మాత్రలను దీర్ఘకాలం వాడేవాళ్లలో ఎముకలు విరిగే ముప్పు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో హెచ్చరించింది. మాత్రే కారణమా, లేక అది వేసుకునేవాళ్లకు ముందే ఉన్న జబ్బులా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. ఒకటి మాత్రం తేలికగా అర్థమవుతుంది. కాల్షియం కార్బొనేట్ మాత్ర కరగాలంటే ఆమ్లం కావాలి, సిట్రేట్‌కు అక్కర్లేదు. రాత్రి నిద్రమాత్ర, పొద్దున లేవగానే తల తిప్పే బీపీ మాత్ర ఉన్న ఇంట్లో పడిపోయే అవకాశం ఇంకో మెట్టెక్కుతుంది.

కీళ్లవాతం, స్టెరాయిడ్లు: ఇక్కడ అంకె కంటే చరిత్ర ముఖ్యం

ఆస్టియో ఆర్థరైటిస్‌లో ఎముక దట్టంగా కనిపించి మోసం చేస్తే, కీళ్లవాతంలో మొహమాటమేమీ ఉండదు. కీలులో రగిలే వాపు నుంచి వెలువడే రసాయనాలు ఎముకను తినే కణాలను రెచ్చగొడతాయి. ముందు కీలు పక్కన, తర్వాత ఒళ్లంతా ఎముక పలచబడుతుంది. దానికి తోడు స్టెరాయిడ్ మాత్రలు. వీటి దెబ్బ మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువ.

అలాగని స్టెరాయిడ్ ఒక్కదాన్నే దోషిని చేయలేం. వాపును అదుపు చేస్తే ఎముక కరగడం తగ్గుతుందని, తక్కువ మోతాదులో లాభనష్టాలు దాదాపు సరిపోతాయని కొందరు వైద్యులంటారు. ఎముకకు సంబంధించినంతవరకు పూర్తిగా క్షేమమైన మోతాదంటూ లేదని మరికొందరంటారు. ఇద్దరూ ఒప్పుకునే సంగతి, వాపును ఇతర మందులతో అదుపులోకి తెచ్చి స్టెరాయిడ్‌ను వీలైనంత తగ్గించడం. మోకాల్లో ఎప్పుడో ఒకసారి వేయించుకునే ఇంజెక్షనూ రోజూ మింగే మాత్రా ఒకటి కావు. అసలు ప్రమాదం తెలియకుండా మింగే స్టెరాయిడ్. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే పొట్లం మందు, దాంతోపాటు ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి పెరగడం కనిపిస్తే ఆ పొడిలో ఏముందో అనుమానించాల్సిందే.

విరిగే ముప్పును లెక్కగట్టే ఫ్రాక్స్ అనే సాధనం ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2008లో వచ్చింది. వయసు, బరువు, పాత విరుగుళ్లు, తల్లిదండ్రులకు తుంటి విరిగిందా, పొగ, మద్యం, స్టెరాయిడ్లు ఇలా అడుగుతూ వచ్చే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంత శాతమో చెప్తుంది. మన దేశానికి విడి నమూనా ఉంది. అందులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందా అన్న ప్రశ్నకు మామూలు మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు కూడా "ఉంది" అని నొక్కేస్తుంటారు. ముప్పు లేనిపోనిది పెరిగిపోతుంది. ఇటు చూస్తే, ఎన్నిసార్లు పడ్డారన్నది ఆ ప్రశ్నల్లో లేదు, కాబట్టి అరుగుదల ఉన్నవాళ్ల అసలు ముప్పు తగ్గి కనిపిస్తుంది.

ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరికీ అరవై అయిదేళ్లు, ఇద్దరికీ తుంటి టీ స్కోరు మైనస్ 1.9. కృష్ణలంకలో ఉండే మొదటావిడకు మోకాళ్ల అరుగుదల, పటమటలో ఉండే రెండో ఆవిడకు కీళ్లవాతం, ఏడాదిగా రోజూ 7.5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్. అంకె ఒకటే అయినా రెండో ఆవిడ ముప్పు స్పష్టంగా ఎక్కువ. ఇప్పుడు మొదటావిడ నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందనుకోండి. అంకె మైనస్ 2.5 దాటకపోయినా సరే, ఆవిడది ఆస్టియోపొరోసిస్ కిందే లెక్క. అలా పడితే గట్టి ఎముక విరగదు.

"ఎముక పెరిగిందన్నారు, మళ్లీ కాల్షియమా?"

ఈ భయం చాలా ఇళ్లలో ఉంది. బొడిపె అంటే ఒంట్లో ఎక్కువైన సున్నం అనుకుని కాల్షియం మాత్రలు మానేస్తారు. బొడిపె పుట్టేది కాల్షియం మిగిలిపోయి కాదు. దెబ్బతిన్న కీలు తనను తాను చక్కదిద్దుకోబోయి అంచుల్లో కొత్త ఎముకను మొలిపిస్తుంది. కాల్షియం మానేస్తే అది కరగదు, వేసుకుంటే పెరగదు. తక్కువ తింటే శరీరం రక్తంలో సరిపెట్టుకోవడానికి తన ఎముకల నుంచే తోడుకుంటుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం నెలసరి ఆగిన స్త్రీలకు రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. పెద్దమ్మ రోజు లెక్క వేశాం. పొద్దున కాఫీలో పాలు 120, సాయంత్రం టీలో 60, రాత్రి కప్పు పెరుగు 120, మధ్యాహ్నం పలచటి మజ్జిగ 50. ఇడ్లీ, అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి 150 అనుకున్నా మొత్తం 500 మిల్లీగ్రాములు. సగం కూడా లేదు. తెల్లన్నంలో కాల్షియం నామమాత్రం. వంద గ్రాముల రాగుల్లో 350కి అటూఇటుగా, పొట్టు తీయని నువ్వుల్లో 1200కు పైనే ఉంటుంది. ఎవరూ రోజూ వంద గ్రాముల నువ్వులు తినరు. అయినా రెండు చెంచాల నువ్వులపొడి ఒక కాఫీ పాలకు తక్కువేం కాదు. మాత్ర అవసరమా, ఎంత అన్నది ఈ తేడాను బట్టి, కిడ్నీల పరిస్థితిని బట్టి, గతంలో రాళ్లు వచ్చాయా అన్నదాన్ని బట్టి డాక్టరు తేల్చేది.

మోకాలి మార్పిడికి ముందు ఎముక చూడాలా

కీలు మార్చేటప్పుడు లోహం, ప్లాస్టిక్ భాగాలను సొంత ఎముకకే బిగిస్తారు. ఎముక గుల్లగా ఉంటే ఆపరేషన్ సమయంలోనో, తర్వాత పడినప్పుడో లోహం పక్కనే విరిగే ముప్పు ఉంది. దాన్ని సరిచేయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం. పెద్ద వయసు వాళ్లందరికీ ముందే డెక్సా తీయాలన్నది ఒక వాదం. ముప్పు ఉన్నవాళ్లకే చాలు, అందరికీ తీస్తే ఖర్చు, ఆలస్యం అన్నది రెండోది. గుల్లబారిందని తేలినంత మాత్రాన ఆపరేషన్ కుదరదని కాదు. పైగా నొప్పి తగ్గి మనిషి మళ్లీ నడవడం మొదలుపెడితే ఎముకకు మేలే.

ఎముక మందు మోకాలి నొప్పిని తగ్గించదు

వారానికోసారి మాత్రగా వేసే అలెండ్రొనేట్, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రొనిక్ యాసిడ్ ఎముక కరగడాన్ని నెమ్మదింపజేస్తాయి. రోజూ పొడుచుకునే టెరిపరటైడ్ కొత్త ఎముకను కట్టిస్తుంది. అలెండ్రొనేట్ పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. నడుము వంగిపోయి, గొంతులోకి పులుపు తన్నుకొచ్చే మనిషికి అది అయ్యే పని కాదు. అలాంటివాళ్లకు సెలైన్ రకం వైపు చూస్తారు.

మూడు నెలలు వాడి "మోకాలు అలాగే ఉంది, ఈ మందు పనిచేయట్లేదు" అని ఆపేసేవాళ్లు బోలెడుమంది. అది మోకాలి కోసం ఇచ్చిన మందే కాదు. జోలెడ్రొనిక్ యాసిడ్ మోకాలి గుజ్జును కాపాడుతుందేమోనని ఆస్ట్రేలియాలో పెద్ద ప్రయోగమే చేశారు. 2020లో వచ్చిన ఫలితం: గుజ్జు తరుగుదలలో తేడా లేదు.

ఆరు నెలలకోసారి చర్మం కిందకు ఇచ్చే డెనొసుమాబ్ సంగతి మన ఊళ్లవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మిగతా మందులు ఆపినా వాటి ప్రభావం కొంతకాలం ఎముకలో నిలుస్తుంది. దీనిది నిలవదు. ఆలస్యమైతే ఆపుకున్న కరుగుదలంతా ఒక్కసారిగా ముంచుకొచ్చి, వెన్నుపూసలు ఒకటికి నాలుగు నొక్కుకుపోయిన సందర్భాలున్నాయి. అమెరికాలో కొడుకు దగ్గరకు ఆరు నెలలకని వెళ్లి ఎనిమిది నెలలు ఉండిపోవడం, "వచ్చాక వేయించుకుందాంలే" అనుకోవడం ఇక్కడ మామూలే.

పెద్దమ్మకు చేతికి పిండికట్టు తీసేశారు. ఆమధ్య చీర కట్టుకుంటూ "ఈ చీరలు పొడుగొస్తున్నాయే" అని బొడ్డు దగ్గర రెండు వేళ్లు ఎక్కువ దోపుకుంది. ఆ మాట చెప్పగానే డాక్టరుగారు గోడకు ఆనించి ఎత్తు కొలిపించారు. పాత పాస్‌పోర్టు దరఖాస్తులో రాసినదానికంటే అయిదు సెంటీమీటర్లు తగ్గింది. పక్క నుంచి వెన్ను ఎక్స్‌రే తీశారు. డెక్సా కొలిచిన నాలుగు పూసలకు సరిగ్గా పైనున్నది ముందువైపు నొక్కుకుపోయి, ముందు సన్నగా వెనక మందంగా కనిపించింది. ఎప్పుడు విరిగిందో ఆవిడకే తెలియదు. రెండేళ్ల కిందట ఆవకాయ జాడీ ఎత్తుతుంటే నడుము పట్టేసి పది రోజులు మంచం దిగలేదని మాత్రం గుర్తుంది. అప్పుడు మేమంతా అరుగుదలేనన్నాం, బామ్ రాశాం.